ఎమర్జెన్సీ వార్డుల్లో కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ పెట్టండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను కర్నూలులో రేడియాలజీ డాక్టర్ని. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు కూలి పనులకు ఆటోల్లో కిక్కిరిసి వెళ్తుంటారు. ఆటో బోల్తా పడి పొట్టకు దెబ్బ తగిలిన వాళ్లకు మొదట చేసేది మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగే. కడుపులో రక్తం చేరిందేమో అందులో చూస్తాం. ప్లీహం (స్ప్లీన్) ఎక్కడ చీలింది, రక్తం ఇంకా కారుతోందా అన్నది మాత్రం చాలాసార్లు తేలదు. చీలిక ఉన్నా రక్తం బయటికి రాకపోతే స్కాన్ నార్మల్‌గానే కనిపించవచ్చు.

అదే స్కానింగ్‌కి కాంట్రాస్ట్ మందు, అంటే రక్తం పారే చోటు తెర మీద స్పష్టంగా కనిపించేలా చేసే మందు తోడైతే చాలా తెలుస్తుంది. చేతి నరంలోకి ఎక్కించేది సుమారు 2 మిల్లీలీటర్లే. అందులో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపిన బుడగలుంటాయి, ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి. రక్తం అందే చోటల్లా తెర మీద మెరుస్తుంది, చీలిన చోట నల్లగా ఉండిపోతుంది. రక్తం కారుతుంటే బుడగలు నాళం దాటి రావడం అప్పటికప్పుడే కనిపిస్తుంది. రక్తప్రసరణ ఆగిన పేగు గోడ మెరవదు. ఆ వాయువు నిమిషాల్లో ఊపిరితో బయటికి పోతుంది, కిడ్నీల మీద భారం పడదు. అందుకే కిడ్నీలు సరిగా పనిచేయక రక్తంలో క్రియాటినిన్ పెరిగిన వాళ్లకూ చేయవచ్చు. రేడియేషన్ ఉండదు. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, అయినా ఎమర్జెన్సీ మందులు పక్కనే ఉండాలి.

సీటీ స్కాన్ వద్దని నేను అనడం లేదు. ఒళ్లంతా దెబ్బలు తగిలిన పెద్ద యాక్సిడెంట్లలో సీటీయే చేయాలి. పేగుకు చిల్లు పడినా, మూత్రం లీకవుతున్నా ఈ పద్ధతిని నమ్ముకోలేం. గ్యాస్ నిండిన పొట్టలో బొమ్మ సరిగా రాదు.

నా బాధంతా పిల్లల గురించి. ప్లీహానికో కాలేయానికో దెబ్బ తగిలిన పిల్లల్లో చాలామందిని ఆపరేషన్ లేకుండానే వార్డులో ఉంచి కాపాడుకుంటాం. గాయం మానుతోందా అని మళ్లీ చూడాల్సి వస్తే ప్రతిసారీ ఆ చిన్న ఒంటికి సీటీ రేడియేషన్ ఎందుకు? ఆ పని కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్‌తో మంచం దగ్గరే అయిపోతుంది. కాలేయం కాక మిగతా అవయవాల్లో ఈ పరీక్షను ఎలా వాడాలో యూరప్ అల్ట్రాసౌండ్ వైద్యుల సమాఖ్య 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చి, 2017లో సవరించింది.

మెషిన్ కొనడం తేలికే. రాత్రి రెండు గంటలకు దాన్ని వాడగలిగిన డాక్టరు ఉండటమే కష్టం. కాబట్టి శిక్షణతో మొదలుపెట్టండి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల రేడియాలజీ పీజీలకు, ఎమర్జెన్సీ డాక్టర్లకు నేర్పించండి. కాంట్రాస్ట్ మందు ఎప్పుడూ స్టాకులో ఉండేలా కొనుగోలు జాబితాలో చేర్చండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ పరీక్షకు ఖర్చు ఇవ్వండి. మొదట కర్నూలు పెద్దాసుపత్రిలో ప్రారంభిస్తే, శిక్షణ ఇవ్వడానికి నా వంతుగా సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక రేడియాలజీ డాక్టరు, కర్నూలు