ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థుల రాతను దిద్దేదెవరు?

సంపాదకులకు,

అయ్యా,

మన సీమ జిల్లాల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చదివే పిల్లలు రెండేళ్లలో పరీక్షల కోసం వందల పేజీలు రాస్తారు గానీ, వాటిలో ఒక్క పేజీ అయినా ‘ఈ మాట ఏ ఆధారంతో అన్నావు?’ అన్న ప్రశ్నతో తిరిగి వారి చేతికి రావడం అరుదు. జవాబు పత్రం స్పాట్ వాల్యుయేషన్‌కు పోతుంది, కొన్నాళ్లకు మార్కు వస్తుంది, తన వాదన ఎక్కడ నిలిచిందో ఎక్కడ కూలిందో రాసినవాడికి తెలియకుండానే పట్టా కూడా వచ్చేస్తుంది. చాలా ఏళ్లు డిగ్రీ తరగతులకు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా ఈ విషయం మీ పాఠకుల ముందుంచుతున్నాను.

రాతలో లోపమని మనం అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి చదవడంలోని లోపమే. విమర్శ పేపరులో తరచుగా కనిపించే, కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్ వ్యాసం ‘ట్రెడిషన్ అండ్ ది ఇండివిడ్యువల్ టాలెంట్’ (1919) సంగతే చూడండి. దాని సారాంశాన్ని గైడులోంచి ఐదారు పాయింట్లుగా అప్పజెప్పే విద్యార్థి, ఆ వ్యాసంలో ఎలియట్ ఎవరితో విభేదిస్తున్నాడని అడిగితే నీళ్లు నములుతాడు. ప్రశాంతంగా ఉన్నప్పుడు నెమరువేసుకున్న ఉద్వేగంలోంచి కవిత్వం పుడుతుందని అంతకుముందు తరాల కవి వర్డ్స్‌వర్త్ ‘లిరికల్ బాలడ్స్’ పీఠికలో అన్న మాటనే పట్టుకొని, ఆ సూత్రం సరైనది కాదని ఎలియట్ అక్కడ సూటిగా అంటాడు. గైడులో మాత్రం ఆ ఇద్దరివీ వేర్వేరు అధ్యాయాలు, వేర్వేరు ప్రశ్నలు. మూలంలోని ఆ కొద్ది పేజీలు ఓపికగా చదివినవాడికే అవి ఒకే చర్చలోని రెండు పక్షాలని తెలుస్తుంది. తెలిశాక తానూ ఒక పక్షాన నిలబడి, పాఠంలోంచి ఆధారం చూపిస్తూ రెండు పేజీలు రాయగలుగుతాడు. పిల్లలు తెలుగు మీడియం నుంచి వచ్చారు కాబట్టి రాయలేరన్న మాటను నేను ఒప్పుకోను. వేమన పద్యం మీద తెలుగులో గంటసేపు వాదించగల కుర్రవాడికి వాదన రాదని ఎలా అంటాం? తరగతిలో చర్చ తెలుగులో జరిగినా నష్టం లేదు, రాత ఇంగ్లీషులో ఉంటే చాలు.

ఇతరుల మాటను వారి పేరుతోనే ఎలా ఉదహరించాలో కూడా ఎం.ఏ. స్థాయిలో ఎవరూ శ్రద్ధగా నేర్పడం లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పరిశోధన సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటి 40 శాతం లోపు ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి, 60 శాతం దాటితే నమోదే రద్దవుతుంది. పరిశోధన నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు పీహెచ్.డి.లో చేరినవారికి 2019లో తప్పనిసరి అయింది. అంటే, అంతవరకూ గైడు వాక్యాలను యథాతథంగా దించినందుకు మార్కులు వేసి, పరిశోధనకు వచ్చాక అదే పనికి శిక్ష వేస్తున్నామన్నమాట. అందుకే మాటలు మార్చి శాతం తగ్గించుకోవడమే చాలామందికి విద్యగా మిగిలింది. నెట్ పరీక్ష కూడా 2012 జూన్ నుంచి పూర్తిగా బహుళైచ్ఛిక ప్రశ్నలతోనే జరుగుతోంది గనుక, ఒక్క పేరా రాసి చూపకుండానే అధ్యాపక అర్హత సంపాదించవచ్చు. రేపు పిల్లల రాత దిద్దవలసింది వీరే.

చదవడానికి పరిశోధన పత్రికలు లేవన్న సాకు ఇప్పుడు చెల్లదు. కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. వాటిని తెరిచి, ఒక వ్యాసాన్ని పేరా పేరాగా విద్యార్థులతో కలిసి చదివే గంట టైంటేబుల్లో ఉండాలి.

నేను కోరేది కొత్త పేపరు కాదు. ఉన్న ఇంటర్నల్ మార్కుల్లోనే సగం రెండు పేజీల వ్యాసానికి కేటాయించి, మొదటి ప్రతి మీద అధ్యాపకుడు వ్యాఖ్యలు రాసి వెనక్కి ఇవ్వాలి, తిరగరాసిన ప్రతికే మార్కులు వేయాలి. పోస్టులు ఖాళీగా ఉన్నాయని, భారమంతా తాత్కాలికంగా పనిచేసే అధ్యాపకులైన అకడమిక్ కన్సల్టెంట్ల మీద పడుతుందని అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ముప్పైమంది తరగతిలో రెండు విడతలకూ కలిపి 120 పేజీలు దిద్దాలి. అసాధ్యమేమీ కాదు గానీ, దాన్ని పాఠం చెప్పిన గంటలతో సమానంగా పనిభారంలో లెక్కకట్టాలి.

కడప ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉంది. 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన బ్రౌన్, తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులను దగ్గర కూర్చోబెట్టుకొని, పాఠాంతరాలు సరిపోల్చి చదివినవాడు. సాహిత్య విద్యార్థులు కలిసి కూర్చుని చదువుకోవడానికి ఈ ఊళ్లో అంతకంటే తగిన చోటు నాకు తోచడం లేదు. నెలకొక శనివారం అక్కడ ఆ ఏర్పాటు చేయవచ్చు.

వచ్చే విద్యాసంవత్సరపు సిలబస్ కోసం సీమ విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశమైనప్పుడు, కనీసం మొదటి సెమిస్టరులో ఒక్క పేపరుకైనా ఈ పద్ధతి అమలు చేసి, ప్రతి విద్యార్థి రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి బయటి పరీక్షకుల చేత పరిశీలింపజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు,
కడప