లింకు పంపితే చాలదు, ఏ నిమిషం చూడాలో చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను పత్తికొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్‌ని. బడులకు అంత ఖర్చు పెట్టి డిజిటల్ ప్యానెళ్లు (వీడియో పాఠాలు చూపే పెద్ద తెరలు) ఇస్తే టీచర్లు వాటిని వాడటం లేదనే మాట ఈమధ్య తరచూ వినబడుతోంది. మాట పూర్తిగా అబద్ధం కాదు. మా బడిలోనే కొన్ని వారాలపాటు ప్యానెల్ మీద కప్పిన గుడ్డ తీయకుండా గడిచిపోయిన సందర్భాలున్నాయి. ఎందుకలా అవుతుందో మాత్రం ఎవరూ అడగరు. నా మట్టుకు నేను చెప్తాను.

రేపు పొద్దున పదో తరగతికి కరెంటు, అయస్కాంతం పాఠం ఉందనుకోండి. రాత్రి ఇంటిపనంతా అయ్యాక పదింటికి వీడియో వెతుకుదామని ఫోన్ చేతిలోకి తీసుకుంటే పన్నెండు ఎప్పుడు దాటిందో తెలియదు. ఒక వీడియోలో మాట్లాడేది తెలుగే, కానీ మొదటి నాలుగు నిమిషాలు ఛానెల్ గొప్పలకే సరిపోతాయి. ఇంకోదాంట్లో బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, భాష మాత్రం మా పిల్లలకు అందని ఇంగ్లిష్. మరోదానికి కింద తెలుగు అక్షరాలు వస్తున్నాయని సంతోషపడితే, కటకం (లెన్స్) పవర్ అన్నచోట ‘కటకం యొక్క అధికారం’ అని పడింది. ఒకసారి ముందుగా చూసుకోకుండా నేరుగా క్లాసులో వేశాను. సరిగ్గా తీగ కదిలే చోట గోల్డ్ లోన్ ప్రకటన వచ్చింది. ఆ పాట పిల్లలందరికీ కంఠతా వచ్చు, నలభై మందీ అందుకున్నారు. కరెంటు పారే తీగ అయస్కాంతం దగ్గర ఎటు కదులుతుందో చెప్పే ఫ్లెమింగ్ నియమం ఆ రోజుకు అక్కడే ఆగిపోయింది.

లింకులకు కొదవ ఉందా అంటే, లేదు. మండలం గ్రూపు, సబ్జెక్టు గ్రూపు, యూనియన్ గ్రూపు, అన్నిట్లోనూ రోజూ వస్తూనే ఉంటాయి. ‘చాలా ఉపయోగకరం, అందరూ చూడగలరు’ అని రాసి మరీ పంపుతారు. పంపినాయన చూశాడా అంటే అనుమానమే. నేనూ చూడకుండానే పంపిన రోజులున్నాయి, దాచుకోవడం దేనికి! ఆ లింకు కింద ఓ పది మంది దండం పెట్టిన బొమ్మలు, ఆ కింద ‘అర్జెంట్, ఇప్పుడే పంపండి’ అనే ఆఫీసు మెసేజీ. సాయంత్రానికి లింకు ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి.

సరుకు లేక కాదు ఈ బాధ. కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబర్ 5న మొదలుపెట్టిన దీక్ష అనే పాఠాల యాప్ ఉంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి, డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా ఆడతాయి. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ (PhET) అనే కంప్యూటర్ బొమ్మ ప్రయోగాలు ఉచితం. వాటిని తెరమీద పిల్లలే వేలితో జరిపి బ్యాటరీ, బల్బు, తీగ కలపొచ్చు. బ్యాటరీ రెండు కొసల్నీ వట్టి తీగతో కలిపితే మంట లేస్తుంది. మా తొమ్మిదో తరగతి వాళ్లు ఆ మంట కోసమే పదిసార్లు కలిపారు, షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. చెత్త సామాన్లతో సైన్స్ బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా గారి వీడియోలు ఉన్నాయి. ఆయనకు 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇన్ని ఉన్నా, నాకు రేపు మూడో పీరియడ్‌కు కావలసిన రెండు నిమిషాలు వీటిలో ఎక్కడున్నాయో చెప్పేవాళ్లు లేరు.

ఆ రెండు నిమిషాల విలువ ఎంతో ఒక సంగతి చెప్తే తెలుస్తుంది. ఒక బ్యాటరీ సెల్, రెండు పిన్నీసులు, ఒక చిన్న అయస్కాంతం, కాస్త రాగి తీగ ఉంటే మోటార్ తిరుగుతుంది. తీగకు మేము పైసా ఖర్చు పెట్టలేదు. బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపులో అడిగితే కాలిపోని ముక్కలు ఏరి ఇచ్చాడు. వీడియో చూపించాం, పిల్లలు చేశారు. ఎనిమిది గుంపుల్లో ఒక్కరిదీ తిరగలేదు. మళ్లీ మళ్లీ చూస్తే అసలు కిటుకు దొరికింది. ఆ తీగకు కంటికి కనబడని పూత ఉంటుంది. ఆ తీగతో చేసిన చుట్టకు ఒక కొసన ఆ పూత పూర్తిగా గీకేయాలి, రెండో కొసన సగం వైపు మాత్రమే గీకాలి. అప్పుడే అర చుట్టు కరెంటు అందుతుంది, మిగతా అర చుట్టు ఆగుతుంది, చుట్ట తన ఊపుకు తాను తిరిగిపోతుంది. రెండు వైపులా నున్నగా గీకేస్తే అటూ ఇటూ ఊగి నిలబడిపోతుంది. వీడియోలో ఆ గీకడం రెప్పపాటులో అయిపోయింది. అక్కడ ఆపి చూపించాలని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక పీరియడ్ మిగిలేది. తర్వాత మా పిల్లలే ఆ గీకడం ఒక్కటే దగ్గరగా ఫోన్లో తీశారు. మొత్తం యాభై సెకన్లు, మాటలు మా యాసలోనే. ఇప్పుడు నేను వాడేది అదే.

వెతికితే దొరకనివీ ఉంటాయి. మా సోషల్ సార్ అశోకుడి శాసనాల గురించి వీడియో కోసం తెగ వెతికారు. ఉత్తరాది స్తంభాలు, సారనాథ్ సింహాలు బోలెడు వచ్చాయి. గుత్తి–పత్తికొండ రోడ్డు పక్కనున్న మన ఎర్రగుడి బండల మీది అశోకుడి శాసనాల గురించి మాత్రం క్లాసుకు పనికొచ్చే తెలుగు వీడియో ఆయనకు కనబడలేదు. చివరకు ఒక ఆదివారం ఆయనే బండి మీద వెళ్లి తీసుకొచ్చారు. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. సార్ దాన్ని ‘మడక దున్నినట్టు, ఒక సాలు ఇట్ల, ఒక సాలు అట్ల’ అని చెప్పారు. రెండు వేల రెండు వందల ఏళ్ల నాటి రాత మా పిల్లలకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. మిరప కోతలకు అమ్మానాన్నలతో గుంటూరు వైపు పోయిన ఒక పిల్ల అక్కడి నుంచి ఫోన్ చేసి ‘సార్, ఆ బండ వీడియో పంపించండి’ అని అడిగింది. ఆదోని, ఆలూరు, కోసిగి వైపు బడుల్లో ఇలా రెండు మూడు నెలలు పాఠాలు పోగొట్టుకునే పిల్లలు ఎందరో టీచర్లందరికీ తెలుసు. ఆ ఎర్రగుడి వీడియో మా బడి దాటి ఇంకో బడికి పోలేదు. పోయే దారి లేదు కాబట్టి.

దారి వేయడానికి కొత్త యాప్ మాత్రం వద్దు, దయచేసి. ఉన్న యాప్‌లకే మా ఫోన్లు, మేమూ అలసిపోయాం. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులు ఎలాగూ జరుగుతున్నాయి. అందులో అరగంట దీనికి ఇవ్వండి. ప్రతి టీచరూ తాను క్లాసులో వాడి చూసిన వీడియో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే తేవాలి. ఏ తరగతి, ఏ పాఠం, ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం వరకు, ఎక్కడ ఆపి ఏం అడగాలి, పిల్లలు ఎక్కడ తికమకపడ్డారు అన్నది చెప్పాలి. డౌన్‌లోడుకు అనుమతి ఉన్నవీ, మన టీచర్లు, పిల్లలు తీసినవీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని పోవచ్చు. మా బడిలో నెట్ ఎప్పుడుంటుందో గాలివాటం, పెన్‌డ్రైవ్‌కు ఆ బాధ లేదు. టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీ వాళ్లు జిల్లా మొత్తం జాబితాను ఒకచోట చేర్చి, ఏడాదికోసారి తిరగేసి, తీసేసిన వీడియోలనూ తప్పులున్నవాటినీ పక్కన పెడితే ఇంకా మేలు.

వీడియో వేసి టీచర్ కుర్చీలో కూర్చుంటారని పెద్దలు అంటుంటారు. కూర్చునేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ రెండు నిమిషాల తర్వాత వీడియో ఆపాలని తెలిసినవాళ్లకు కూర్చునే తీరిక ఉండదు. నలభై ఐదు నిమిషాల వీడియోను అలాగే వదిలేసినప్పుడే ఆ కుర్చీ పనికొస్తుంది.

మీకూ ఒక మనవి. జిల్లా ఎడిషన్లో వారానికి ఒక చిన్న బాక్సు ఇవ్వగలరా? టీచర్ వాడి చూసిన వీడియో ఒకటి, తరగతి, పాఠం, నిమిషం, అంతే. ఫోటోలు, సన్మానాలు అక్కర్లేదు. మా స్టాఫ్ రూమ్‌లో అందరూ చదివే కాగితం ఇప్పటికీ మీ పేపరే.

మొదటి వారానికి మా మోటార్ వీడియో ఇస్తాను. పదో తరగతి, గీకే చోటు 18వ సెకను దగ్గర.

పేరు వేయకండి, ఊరు వేస్తే చాలు.

– ఒక సైన్స్ ఉపాధ్యాయురాలు,
పత్తికొండ, కర్నూలు జిల్లా