గుంజీళ్లు నేర్పండి, తీయించకండి

సంపాదకులకు,

హోంవర్కు చేయలేదని పిల్లలతో వంద గుంజీళ్లు తీయించే పెద్దలే, అదే పిల్లలు ఇంట్లో డంబెల్ పట్టుకుంటే ‘ఎత్తు పెరగవు’ అని లాక్కుంటారు. భయపడాల్సింది మొదటిదానికి. అలవాటు లేని కాళ్లతో అన్ని తీయిస్తే కండరాలు చిట్లి, అందులోంచి వచ్చే పదార్థం మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మూత్రం కాఫీ రంగులోకి మారితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బడిలో శారీరక శిక్షను విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ నిషేధించిందని గుర్తు చేయాల్సి రావడమే విచిత్రం!

పెద్దవాళ్లు దగ్గరుండి సరైన పద్ధతిలో చేయిస్తే బరువుల వల్ల ఎత్తు ఆగిపోతుందనడానికి ఆధారం లేదు. ఇంట్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా ఎవరూ చూడనప్పుడు, డంబెల్ కాలిమీద పడో, వేళ్లు నలిగో.

చెప్పింది విని అలాగే చేయగలిగితే ఏడెనిమిదేళ్లకు మొదలుపెట్టవచ్చు. మొదట్లో బరువే వద్దు. గుంజీళ్లకు చెవులు పట్టుకోనక్కర్లేదు. పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, చేతులు ముందుకు చాచి, వెనక వేసిన బల్లకు పిర్రలు తాకీతాకగానే లేవాలి. మడమలు లేచినా, మోకాళ్లు లోపలికి వాలినా ఇంకాస్త ఎత్తు బల్ల వేయాలి. దండీలు నేలమీద రానివాళ్లు ముందు గోడకు, తర్వాత బల్లకు చేతులు ఆనించి తీయాలి. నడుము కిందికి జారిందంటే ఆ విడత అక్కడితో సరి, అంకె పూర్తి చేయించకూడదు.

ఒక్కో విడతకు 8 నుంచి 15 సార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు చాలు. తప్పు లేకుండా 15 వచ్చాకే 5 నుంచి 10 శాతం బరువు పెంచాలి. కిలో డంబెల్ నుంచి రెండు కిలోలకు పోతే అది రెట్టింపు! ఖాళీ సీసాలో నీళ్లు పోసుకుంటూ పోతే 50 మిల్లీలీటర్లకు 50 గ్రాములే పెరుగుతుంది. ఎంత బరువెత్తగలరో చూద్దామన్న పందేలు మాత్రం వద్దు.

ఈడు రాకముందు బలం పెరిగేది ప్రధానంగా నరాలు కండరాలను బాగా వాడుకోవడం నేర్చుకోవడంవల్ల. కండలు ఉబ్బవు, ప్రొటీన్ పొడులూ అక్కర్లేదు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఫిట్స్ ఉంటే డాక్టరును అడిగాకే.

5 నుంచి 17 ఏళ్లవారికి వారంలో కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. బడుల్లో కనీసం పరీక్షలు లేని నెలల్లోనైనా ఆటల పీరియడును లెక్కల మాస్టారికి ఇచ్చేయకుండా చూడాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాం.

– కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు, వరంగల్