ఆపరేషన్‌కి ఎప్పుడైనా రమ్మంటారు, మాత్రకి మాత్రం వచ్చే వారం

సంపాదకులు గారికి,

నేను గుంటూరులో చిన్న టైలరింగ్ షాపు నడుపుతాను. మా తోడికోడలు మిర్చి యార్డు వైపు కాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పాపకి ఏడాదిన్నర. ఇంకో బిడ్డ కావాలిగానీ ఇప్పుడే కాదు, కాస్త ఎడం ఉండాలనుకుని హెల్త్ సెంటర్‌లో ఉచితంగా ఇచ్చే ఛాయా మాత్రలు మొదలుపెట్టింది. మొదటి మూడు నెలలూ వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. మర్చిపోకుండా నా షాపులో బిల్లులు రాసే ఎర్ర పెన్ను పట్టుకెళ్లి గోడ క్యాలెండర్‌లో ఆదివారాలకీ బుధవారాలకీ సున్నాలు చుట్టుకుంది.

రెండో నెల మధ్యలో మాత్రలు అయిపోయాయి. వెళ్తే స్టాకు లేదు, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారమూ అదే మాట. సీజన్‌లో ఒక పూట పోతే ఆ పూట కూలీ పోయినట్టే కదా. మూడోసారి వెళ్తే, ఈ తిరుగుడెందుకమ్మా, ఇంకొకర్ని కనేసి ఆపరేషన్ చేయించేసుకోరాదూ అని సలహా. మెడికల్ షాపులో అడిగితే ఆ కుర్రాడు 72 గంటల మాత్ర చేతిలో పెట్టాడు. అది అత్యవసరానికి వాడేదేగానీ వారం వారం మింగేది కాదని అతనికి తెలియదో, తెలిసీ బేరం పోతుందని ఊరుకున్నాడో. నల్ల కవరు మాత్రం అడక్కుండానే ఇచ్చాడు! ఆ నెలంతా మా ఇద్దరికీ ఒకటే టెన్షన్.

ఆ సలహా ఇచ్చినావిడ మీద నాకు కోపం లేదు. మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది అది చేయించుకున్నవాళ్లే, మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. ఆపరేషన్ ఒకసారి అయిపోతే మళ్లీ స్టాకు కావాలని ఇండెంట్ పెట్టే పని ఉండదు, మాత్రకైతే ప్రతి నెలా ఎవరో ఒకరు లెక్క చూసుకోవాలి, అక్కడే పని ఆగిపోతోంది.

2025లో అమెరికా విదేశీ సాయం ఆపేశాక, ఎక్కువగా ఆఫ్రికా దేశాలకి వెళ్లాల్సిన 97 లక్షల డాలర్ల గర్భనిరోధకాలు బెల్జియం గోదాముల్లో ఉండిపోతే, వాటిని తగలబెట్టాలని నిర్ణయించారని చదివి కడుపు మండింది. ఆ దేశాలవాళ్లు ఎవరో పంపితే తెచ్చుకోవాల్సినవాళ్లు. మనకేం ఖర్మ? ఛాయాలో ఉండే మందు కనిపెట్టింది మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థే. 1952లోనే ప్రభుత్వ కార్యక్రమంగా కుటుంబ నియంత్రణ మొదలుపెట్టిన దేశం మనది.

ఇంకో అనుమానం కూడా ఉంది. ఈమధ్య పెద్దలు ఎక్కువమంది పిల్లల్ని కనమంటున్నారు, 2024 నవంబరులో స్థానిక ఎన్నికల్లో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న నిబంధన కూడా ఎత్తేశారు. ఎత్తేస్తే ఎత్తేశారు, ఎంతమందిని కనాలో ఎవరి ఇష్టం వాళ్లది. దాన్ని సాకుగా తీసుకుని మాత్రల స్టాకు మీద శ్రద్ధ తగ్గించకపోతే చాలు.

మేం అడిగేది పెద్ద పనేం కాదు. ఛాయా, మాలా-ఎన్, నిరోధ్, మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్, ఈ పూట ఏవి ఉన్నాయో సెంటర్ బయట బోర్డు మీద రాయండి, లేకపోతే పక్క సెంటర్‌లో ఉందేమో ఒక్క ఫోన్ చేసి చెప్పండి. అలవాటుగా వాడేవాళ్లకి రెండు మూడు నెలలకి సరిపడా ఒకేసారి ఇవ్వండి.

ప్రస్తుతం మా తోడికోడలు తెనాలిలో ఉండే మా ఆడపడుచు చేత తెప్పించుకుంటోంది. అక్కడ ప్రభుత్వాసుపత్రిలో దొరికే మాత్ర పాతిక కిలోమీటర్ల అవతల గుంటూరులో ఎందుకు దొరకదో సంబంధిత అధికారులు ఎవరైనా ఈ కాలమ్‌లోనే జవాబు రాస్తే చదువుతాం.

– ఒక పాఠకురాలు, గుంటూరు