పెనం అడుగున ఉష్ణోగ్రత పరిమితి ముద్రించండి

వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి,

నమస్కారం.

నాన్‌స్టిక్ పెనాల అట్టపెట్టెల మీద ‘పీఎఫ్‌ఓఏ రహితం’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పూతల పరీక్షల్లో పనిచేస్తున్న మేం ఆ మాట అబద్ధమనడం లేదు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి దానివల్ల ఒరిగేది తక్కువ. పీఎఫ్‌ఓఏ అసలు పూతే కాదు, పూత తయారీలో వాడిన రసాయనం. ఎన్నేళ్లయినా విచ్ఛిన్నం కాని రసాయనాలపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, స్టాక్‌హోమ్ ఒప్పందం, 2019లో దాన్ని నిర్మూలించాల్సిన వాటి జాబితాలో చేర్చింది కూడా. వంటింటి ప్రశ్న వేరు: పూత ఎంత వేడికి ఆగుతుంది? ఆ సంగతి పెనం మీద కనిపించదు.

ఎక్కువ పెనాల మీద ఉండే పూత పీటీఎఫ్‌ఈ, టెఫ్లాన్ పేరుతో తెలిసిన ప్లాస్టిక్. కార్బన్, ఫ్లోరిన్ల బంధం గట్టిది కనుక పులుపుకీ నూనెకీ చెక్కుచెదరదు. పెచ్చు ఊడి కడుపులోకి పోయినా అరగకుండానే బయటికి పోతుంది. (గీత పడితే బెంబేలెత్తేవాళ్లే ఖాళీ పెనాన్ని పెద్దమంట మీద వదిలేసి వెళ్తుంటారు.) దీని ఓర్పు 260 డిగ్రీల సెల్సియస్ దాకా. 327 దగ్గర కరుగుతుంది. 350 దాటాక అణువుల గొలుసులు తెగి విషవాయువులూ అతిసన్నని కణాలూ ఎగజిమ్ముతాయి. పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, దగ్గు వస్తాయి. ఫ్లూ అనుకుంటారు, సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. పంజరంలోని చిలక మాత్రం బతకడం కష్టం.

కూరలో నీరున్నంతసేపూ వేడి 100 దగ్గరే ఆగుతుంది. ఖాళీ పెనానికి ఆ అడ్డు లేదు. పల్చటి అల్యూమినియమైతే పెద్దమంట మీద నిమిషాల్లోనే 260 దాటేస్తుంది.

అందుకని పూత రకం, గరిష్ఠ ఉష్ణోగ్రత పెనం అడుగునే అచ్చొత్తించండి. కాగితం చీటీ మొదటి కడుగుడుకే పోతుంది. ‘సిరామిక్’ అని అమ్మేది సిలికా పూత. అది మరింత వేడికి ఆగుతుంది గానీ అంటుకోని గుణం త్వరగా పోతుంది, అదీ రాయాలి. ఖాళీ పెనాన్ని దానికి తగిన పెద్ద బర్నర్ మీద పెట్టి, మధ్యలో థర్మోకపుల్ (తాకి ఉష్ణోగ్రత కొలిచే తీగ) బిగించి, 260 చేరడానికి ఎన్ని నిమిషాలో కొలిపించండి. దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌ను నమ్ముకోకూడదు, మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది.

వాడకం పత్రంలో రెండు మాటలు చాలు. నూనె పోశాకే, మధ్యస్థ మంట మీద వేడిచేయాలి. శుద్ధిచేసిన నూనెల్లో చాలావాటికి 260 కంటే ముందే పొగ వస్తుంది, అది కనిపించగానే మంట ఆపి కిటికీలు తెరవాలి. కాలుతున్న పెనాన్ని కుళాయి కింద పెట్టకూడదు. అడుగు వంకరపోతుంది, లోహమూ పూతా సమానంగా కుంచించుకోక పట్టు వదులుతుంది.

ఇట్లు,
పూతల పరీక్షల్లో పనిచేస్తున్న కొందరు రసాయన నిపుణులు