ఓసీఐ కార్డు రెండో పౌరసత్వం కాదు

సంపాదకుల వారికి,

అయ్యా, కుటుంబంతో అమెరికా, ఆస్ట్రేలియాలకు తరలివెళ్లి అక్కడి పౌరసత్వం తీసుకుంటున్న మనవారిలో చాలామంది, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు చేతికి రాగానే రెండు దేశాల పౌరులమైనట్లే భావిస్తున్నారు. కార్డు పేరులోనే సిటిజన్ (పౌరుడు) అన్న మాట ఉన్నందున వారిని తప్పుపట్టలేం.

నిజానికి 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం స్వీకరించిన వారికి భారత పౌరసత్వం అంతటితో రద్దవుతుంది. ఓసీఐ జీవితకాల వీసా వంటిదే. దానితో ఓటు హక్కు రాదు. వ్యవసాయ భూమి విషయంలో చిక్కు మరీ ఎక్కువ: తండ్రి నుంచి వారసత్వంగా సంక్రమించిన పొలాన్ని ఉంచుకోవచ్చుగానీ, దాని గట్టును ఆనుకొని ఉన్న అర ఎకరాన్ని సొంత డబ్బుతో కొనుక్కోలేరు. మా బంధువు ఒకరికి ఈ సంగతి బయానా ఇచ్చిన తర్వాతగానీ తెలియలేదు.

పిల్లల చదువు మరో సమస్య. 2021 మార్చి నాటి కేంద్ర నోటిఫికేషన్ ఓసీఐ విద్యార్థులను నీట్, జేఈఈ ప్రవేశాలలో ఎన్నారై సీట్లకు, అదనంగా కేటాయించే (సూపర్‌న్యూమరరీ) సీట్లకు మాత్రమే పరిమితం చేసింది. అంతకుముందే కార్డు పొందినవారికి ఇది వర్తించదని 2023లో సుప్రీంకోర్టు చెప్పడం కొంత ఊరట.

ద్వంద్వ పౌరసత్వం ఇవ్వాలా వద్దా అన్నది పార్లమెంటు తేల్చవలసిన విషయం. ఈలోగా ఈ పరిమితులన్నిటినీ ఓసీఐ దరఖాస్తు మొదటి పేజీలోనే తెలుగుతో సహా భారతీయ భాషలలో ముద్రించాలని కేంద్ర హోంశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుంటూరు