వాగు దాటాలా వద్దా అన్నది ఒడ్డునే తేలాలి

సంపాదకులకు,

వానాకాలం రాగానే ‘పొంగుతున్న వాగులు దాటవద్దు’ అని అధికారులు ప్రకటించడం, కొద్ది రోజులకే ఎక్కడో ఒక కారు కొట్టుకుపోయిందన్న వార్త రావడం మనకు ఏటా మామూలైపోయింది. 2024 ఆగస్టు 31న గుంటూరు జిల్లా ఉప్పలపాడు దగ్గర, వాన కారణంగా బడి ముందే వదిలేయడంతో ఇద్దరు విద్యార్థులను ఇంటికి తీసుకెళ్తున్న ఉపాధ్యాయుడి కారు వరదలో కొట్టుకుపోయి ముగ్గురూ మరణించారు. ఆ మర్నాడే మహబూబాబాద్ జిల్లా పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వాగు, హైదరాబాద్ విమానాశ్రయానికి బయలుదేరిన తండ్రీకూతుళ్లను పొట్టన పెట్టుకుంది. సరదాకో సాహసానికో నీళ్లలోకి దిగినవాళ్లు వీరిలో ఒక్కరూ లేరు. కాబట్టి ఇలాంటి ప్రతి మరణాన్నీ ‘నిర్లక్ష్యం’ అన్న మాటతో ముగించేయడం నాకు న్యాయంగా తోచదు.

‘టన్ను బరువున్న బండి, మోకాలి లోతు నీళ్లకు ఏమవుతుంది’ అన్న ధీమా చదువుకున్నవాళ్లలోనూ ఉంది. లెక్క వేసి చూస్తే ఆ ధీమా నిలవదు. మన రోడ్లపై తిరిగే చిన్న కారు బరువు దాదాపు 900 కిలోలు. పొడవు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు సుమారు 1.7 మీటర్లు. నీరు కారు అడుగుభాగాన్ని తాకాక, ఆ పైన పెరిగే ప్రతి పది సెంటీమీటర్లకూ దాదాపు 600 కిలోల బరువును అది పైకి ఎత్తుతుంది. నేలకూ కారు అడుగుకూ మధ్య ఉండే ఎడం 16, 17 సెంటీమీటర్లే గనుక, నీరు ఒక అడుగు లోతు దాటేసరికి టైర్ల మీద మిగిలే బరువు నామమాత్రం. బరువు లేని టైరుకు పట్టు ఉండదు. పట్టు పోయాక స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు. నిలిచిన నీటిలోనే ఇంత జరిగితే, పారే నీటి తోపుడు సంగతి చెప్పనక్కర్లేదు: వేగం రెట్టింపైతే ఆ తోపుడు నాలుగు రెట్లవుతుంది. పెద్ద బండ్లవాళ్లు నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు, మరో అడుగు నీరు పెరిగితే వాటి గతీ అంతే.

దీనికి తోడు, నీటి కింద రోడ్డు ఉందో లేదో పైనుంచి చూసి చెప్పలేం. చప్టాల అంచులు, వంతెనకు రోడ్డు కలిసే చోట మట్టికట్ట ముందుగా కోసుకుపోతాయి. బురదనీరు మాత్రం అంతటా ఒకే మట్టంలో కనిపిస్తుంది. అడ్డంగా పారే ప్రవాహాన్ని చూస్తూ నడిపేవాడికి బండే పక్కకు జరుగుతున్నట్టు భ్రమ కలుగుతుంది, చీకట్లో అది ఇంకా ఎక్కువ. ముందు లారీ దాటిపోయింది కదా అని వెనకే వెళ్లే అలవాటు వీటన్నిటికంటే చేటు, ఎందుకంటే లారీ బరువూ ఎత్తూ వేరు. ఫోనులోని మ్యాపు దగ్గరి దారి చూపుతుంది గానీ, ఆ దారి మీద ఎన్ని అడుగుల నీరుందో చూపదు.

నగరాల్లోని అండర్‌పాస్‌లలో ప్రవాహం లేకపోయినా ముప్పు తక్కువేమీ కాదు. 2023 మే 21న బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నీటిలో చిక్కుకున్న కారులో ఉన్నది ఒక తెలుగు కుటుంబమే. అందులో ఓ యువతి ప్రాణాలు కోల్పోయింది. ఇంజిన్‌లోకి నీరు చేరి బండి ఆగాక మళ్లీ స్టార్ట్ చేయబోతే కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజిన్ పాడవుతుంది, అది డబ్బు నష్టం. అసలు ప్రమాదం తలుపు దగ్గర ఉంది. లోపలికి నీరు రాకముందే బయట నీరు తలుపు మీద అర మీటరు పైకి వస్తే, ఆ తలుపు తెరవడానికి సుమారు 125 కిలోల ఒత్తిడిని ఎదిరించాలి. కాబట్టి బండి ఆగిన వెంటనే, కరెంటు పోకముందే అద్దాలు దించి, బెల్టు విప్పి, కిటికీలోంచి బయటపడి కారు పైకి ఎక్కాలి. ఈ మాట లైసెన్సు పరీక్షలో ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

బెంగళూరు ఘటనలో అక్కడ పెట్టిన బారికేడ్ వానకు పడిపోయిందని నాటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే చెప్పారు. మన పల్లె రోడ్ల మీద ఆ మాత్రం బారికేడ్ అయినా చాలాచోట్ల ఉండదు. ఎవరో అడ్డంగా పడేసిన ముళ్లకంపే హెచ్చరిక. తెల్లవారుజామున వాగు ఒడ్డుకు చేరిన మనిషి ముందు రోజు వచ్చిన ప్రకటనను బట్టి కాదు, కళ్లెదుట కనిపించేదాన్ని బట్టే నిర్ణయిస్తాడు. అందువల్ల రహదారులు భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ తమ పరిధిలోని ప్రతి లోలెవల్ వంతెనకూ చప్టాకూ రెండు వైపులా, రాత్రి లైటు పడితే మెరిసేలా అడుగుల గుర్తులున్న స్తంభాలు పాతించాలి. రోడ్డు అంచు తెలిసేలా రాళ్లు నిలపాలి. రైల్వే గేటులా దించే ఇనుప గొట్టాన్ని అమర్చి, దాన్ని ఎప్పుడు దించాలో, తాళం ఊళ్లో ఎవరి దగ్గర ఉండాలో లిఖితపూర్వకంగా నిర్ణయించాలి. కొత్త వంతెనలకు నిధులు రావడానికి ఏళ్లు పట్టవచ్చు గానీ, ఒక స్తంభానికీ ఒక గొట్టానికీ అంత ఆలస్యం అక్కర్లేదు. వచ్చే జూన్‌లోగా ఏ మండలంలో ఎన్నింటికి ఈ ఏర్పాటు పూర్తయిందో రెండు శాఖలూ పత్రికల ద్వారా ప్రకటించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఇంజినీరు, ఖమ్మం